నీ భుజం జోలికి పోను

సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ ఒక అంకుల్ అడిగాడు, "ఐస్ మీద హాకీనా? ఈ దేశంలోనా? గోల్స్ ఎన్ని కొట్టావేంటి?" పదకొండేళ్ళలో మూడు. నేను గోల్స్ కొట్టేవాణ్ణి కాదు అంకుల్, మనుషుల్ని కొట్టేవాణ్ణి. మా జట్టులో బాగా ఆడేవాడి మీద ఎవడైనా చెయ్యేస్తే వాడి పని పట్టడమే నా పని. ఈ ఆటలో కొట్లాట కూడా ఒక భాగమే. యూనివర్సిటీలో ఉండగా ఐస్ రింక్‌లో స్కేట్లు అద్దెకిచ్చే కౌంటర్‌లో పార్ట్‌టైమ్ చేస్తూ నేర్చుకున్నాను. ఐదు క్లబ్బులు మారాను. ఎక్కడా నన్ను ముద్దు చేసి ఉంచుకోలేదు.

కిందటి సీజన్‌కి నాకు ముప్పై ఐదు. కెనడా నుంచి నాకంటే ఎత్తూ లావూ ఉన్నవాడొకడు మా క్లబ్బులోకి దిగాడు. కోచ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు: "ఇద్దరక్కర్లేదు. శనివారం నీ ఆట చూసి, ఎవణ్ణి ఉంచాలో తేలుస్తా." ఆట పోతే నేనెవణ్ణి? వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటు, గోడౌన్‌లో ట్రాలీలు తోసే ఉద్యోగం. తల్చుకుంటేనే ఒళ్ళు మండేది.

శనివారం అవతలి జట్టులో నా పనే చేసేవాడు పరాయివాడేం కాదు. బ్రిస్బేన్‌లో రెండేళ్ళు ఒకే జట్టు, ఒకే గది. అక్కడి సన్నీబ్యాంక్ పేటలో నూడుల్స్ తింటూ ఒకడి వాచిన మొహం చూసి ఒకడు పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. మ్యాచ్‌కి ముందు నన్ను పక్కకి పిలిచాడు. "మేట్, పోయిన నెల ఎడమ భుజం జారింది. ఇంకోసారి జారితే ఆపరేషనే అన్నాడు డాక్టర్. కొట్టుకుందాం, కానీ ఆ చెయ్యి లాగకు." మాలో అదొక పద్ధతి. దెబ్బ ఉన్నచోటు ముందే చెప్పుకుంటాం, విన్నవాడు అక్కడ ముట్టుకోడు. వాడు ఇళ్ళ కప్పులేసి బతికేవాడు. ఆ చెయ్యి పోతే నిచ్చెన ఎక్కలేడు. అదీ నాకు తెలుసు.

"నీ భుజం జోలికి పోను, సరేనా?" అన్నాను.

చివరి పీరియడ్‌లో గ్లవ్స్ పారేసి కలబడ్డాం. వాడు నన్ను చితక్కొట్టేస్తున్నాడు. రెండు గుద్దులకే నోట్లో రక్తం. బెంచీ దగ్గర కోచ్ ఆ కెనడావాడి భుజం తట్టి ఏదో చెబుతున్నాడు. అంతే! వాడి జెర్సీ ఎడమ చెయ్యి పిడికిట్లో బిగించి ఉన్న బలమంతా పెట్టి లాగాను. వాడు పెట్టిన కేక రింక్ మొత్తం వినబడింది. కేక విన్నాక కూడా ఇంకో రెండు గుద్దాను. మా వాళ్ళంతా లేచి, చప్పట్లకి బదులు, కర్రలతో రింక్ అంచు బోర్డులు దబదబా బాదారు.

సోమవారం కోచ్ ఫోన్ చేసి నన్నే ఉంచుతున్నానన్నాడు. సిగ్గేసిందా? వేసింది. మళ్ళీ అదే పరిస్థితి వస్తే? మళ్ళీ లాగుతాను. అబద్ధాలు చెప్పడం ఎందుకు?

వాడి భుజానికి ఆపరేషన్ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసిన వాళ్ళావిడ లోపలికి రమ్మనలేదు. వాడే కేకేసి పిలిచాడు. చేతికి కట్టు. ఇక కప్పుల పని కుదరదని డాక్టర్ తేల్చేశాడట.

"ఆ కంగారులో చెయ్యి అటు పడింది కదా మేట్? కావాలని కాదుగా?"

"ఛ, కావాలని ఎందుకు చేస్తాను?" అన్నాను.

వాడి మొహం తేలికపడింది. గుమ్మంలోనే నిలబడ్డ ఆవిడ వైపు తిరిగాడు.

"చెప్పానా నీకు," అన్నాడు, "వీడు అలాంటివాడు కాదని."