ముట్టుకోవాకప్పా

ల్యాప్‌టాప్‌లు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, కర్నూలులో వాటిని బాగుచేసే అన్న ఒకాయన ఉండేవాడు. ఎవరు ఏ ల్యాప్‌టాప్ తెచ్చినా, జ్వరం చూసినట్టు దాని అడుగున చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు.

బనగానపల్లె మామిడి రైతులకు డ్రిప్పు పైపులు ఎలా వేయాలో ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపించడం నా ఉద్యోగం. తోటల్లో కరెంటు ఉండదు. సగం బొమ్మలకే బ్యాటరీ అయిపోయి ల్యాప్‌టాప్ ఆరిపోయేది. రైతులు తువ్వాళ్లు దులుపుకుని లేచిపోయేవాళ్లు. కొత్త బ్యాటరీ కొందామని అన్న దగ్గరికి వెళ్లాను.

ఆయన ల్యాప్‌టాప్ ఆన్ చేసి మా ఇద్దరి మధ్యా పెట్టి, రెండు టీలు చెప్పాడు. నా చెయ్యి కీబోర్డు మీదికి పోతుంటే ఆపాడు.

"ముట్టుకోవాకప్పా. మనమేం పని చెప్పనప్పుడు అదేం చేస్తాండాదో చూడాల."

టీ అయిపోయింది. ఫ్యాను మాత్రం రొద పెడుతూనే ఉంది. అప్పుడు లోపల నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచాడు. యాంటీవైరస్‌లు రెండున్నాయి. ఒకటి కంటే రెండు మేలని నేనే వేశాను.

"తోటకు ఇద్దరు కాపలాగాళ్లను పెట్టి, ఒకని సంగతి ఇంకొకనికి చెప్పకపోతివి. దొంగ లేకున్నా ఒకర్నొకరు తరుముకుంటాండారు," అన్నాడు నవ్వకుండా. ఒకదాన్ని తీసేశాడు.

మర్నాడు తోటలో చివరి బొమ్మ దాకా తెర మీద వెలుగు పోలేదు. ఫోన్ చేసి చెప్పాను.

"అడుగున చెయ్యి పెట్టి చూడు. చల్లగుండాదా?" అని మాత్రం అడిగాడు.

నా ల్యాప్‌టాప్‌కు సరిపోయే కొత్త బ్యాటరీ ఆ రోజు ఆయన వెనకే, గాజు బీరువాలో ఉంది. నేను కర్నూలు వదిలిన రోజుకీ అక్కడే ఉంది.