ఖంపేంగ్ పెద్దమ్మ ఆకుపచ్చ బండి

కొండల మధ్య మే హాంగ్ సన్ ఊళ్ళో, బస్టాండు వెనక సందులో ఖంపేంగ్ పెద్దమ్మ స్కూటర్లు అద్దెకిస్తుంది. ఉన్న ఏడెనిమిది బండ్లలో ఒకటి ఎర్రది. మామూలు ఎరుపు కాదు, పండుమిరపకాయ ఎరుపు. దాని ముందు భాగం మీద తెల్లటి పెద్ద అక్షరాలతో ఒక స్టిక్కరు ఉంటుంది: ‘ఈ బండి రంగు ఆకుపచ్చ.’

పెద్దమ్మ సోమవారం పుట్టింది. సోమవారం పుట్టినవాళ్ళకి ఎరుపు పడదు, ఆకుపచ్చ కలిసొస్తుంది అని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఆ సంగతి తెలిసీ ఇన్‌సోన్ పెదనాన్న చియాంగ్ మాయ్ వెళ్ళి, ఈ బండి మీద మనసు పారేసుకుని, పెళ్ళాం పేరున కొనుక్కొచ్చాడు. నెల తిరక్కుండానే మలుపులో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ కుంటుతాడు. ఆయన్ని ఆసుపత్రిలో పడుకోబెట్టి పెద్దమ్మ తిన్నగా స్టిక్కర్ల కొట్టుకే వెళ్ళింది.

“రంగే వేయించొచ్చుగా పెద్దమ్మా?” అని అడిగాను ఒకసారి.

“బండి కాగితాల్లో ఉన్న రంగు మార్చాలంటే పోలీసులు, ఆఫీసులు, ఎంత తిప్పట! దేవతలైతే మంచివాళ్ళురా. చెప్తే నమ్ముతారు.”

నాది పక్కనే పంక్చర్ల కొట్టు. కాలేజీ సగంలో వదిలేసి వచ్చి ఇక్కడ పడ్డాను, ఇలాంటివేవీ నమ్మను. కానీ ఆ స్టిక్కరు అంటించాక ఆ బండికి గీత పడలేదు, అది మాత్రం నిజం. సందులో ఎవరూ దాన్ని ఎర్రదనరు. “ఒరేయ్ ఖేట్, ఆకుపచ్చదానికి గాలి కొట్టు” అంటుంది పెద్దమ్మ. నేను తిన్నగా ఎర్రదాని దగ్గరికే వెళ్తాను. అలవాటైపోయింది. పెద్దమ్మ మాత్రం ఎంత అవసరమొచ్చినా దాని మీద కూర్చోదు. స్టిక్కరు దేవతల కోసం. తన సంగతి తనకి తెలుసు కదా.

జంటగా వచ్చేవాళ్ళంటే ఆమెకి పెద్ద ఇష్టం లేదు. “పొట్లాడుకుంటూ పోతారు, దారి చూడరు” అంటుంది. ఒంటరిగా వచ్చి కొండలన్నీ చుట్టొస్తామనేవాళ్ళంటే ప్రాణం. పాస్‌పోర్టు తీసుకుని ముందు పుట్టిన వారం లెక్కగడుతుంది. సోమవారం పుట్టినవాళ్ళకి ఎర్రదాన్ని ఇవ్వదు. హెల్మెట్ పెట్టి నెత్తిన ఒకటి కొట్టి చూస్తుంది. హ్యాండిల్‌కి మల్లెల దండ కట్టి, బండిలో ఉండి కాపాడే దేవత తల్లికి దణ్ణం పెట్టిస్తుంది. చివరికి ఒక షరతు. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, తిన్న గిన్నె ఫోటో పంపాలి. మొహం అక్కర్లేదు, గిన్నె చాలు.

“మొహం నవ్వుతూనే ఉంటుంది. తిన్నదో లేదో గిన్నె చెప్తుంది.”

ఆ కొండల చుట్టూ పెద్దమ్మ ఎప్పుడూ తిరగలేదు. కొట్టు ఎవరు చూస్తారు? కానీ గిన్నె అంచు మీది పువ్వు చూసి అది ఏ ఊళ్ళో ఏ కొట్టో చెప్పేస్తుంది.

వానల మొదట్లో యూచెన్ వచ్చింది. తైవాన్ పిల్ల, బళ్ళో పాఠాలు చెప్తుందట. పుట్టింది గురువారం. అన్ని బండ్లూ చూసి ఎర్రదాని దగ్గర ఆగింది. స్టిక్కరు మీద వేలు పెట్టి ఏం రాసుందని సైగ చేసింది. పెద్దమ్మ ఏం చెప్పాలో తోచక రెండు బొటనవేళ్ళూ పైకెత్తింది. పిల్ల కూడా ఎత్తింది. తెల్లారగానే గులాబీ రంగు వానకోటు తొడుక్కుని పాయ్ ఊరి దారి పట్టింది.

మధ్యాహ్నం గిన్నె రాలేదు.

పెద్దమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫోన్ చేస్తే పిల్ల ఫోను మోగడం లేదు. పైన కొండల మీద వాన దంచుతోంది. ఇంక ఆగలేక దారి పొడుగునా తెలిసిన కొట్లన్నిటికీ ఫోన్లు మొదలుపెట్టింది. మొదట శనగపిండి జావ అమ్మే సేంగ్‌కి.

“సేంగూ, నేనే. మా ఆకుపచ్చ బండి అటు వచ్చిందా?”

“లేదక్కా. పొద్దుట్నించీ ఇక్కడే కూర్చున్నా. ఆకుపచ్చ బండి ఒక్కటీ పోలేదు.”

సీసాల్లో పెట్రోలు అమ్మే ముసలాయన్ని అడిగింది. చూడలేదన్నాడు. నేనూ నాకు తెలిసిన మెకానిక్కులకి ఫోన్ చేశాను. “ఆకుపచ్చ స్కూటర్రా, హ్యాండిల్‌కి దండ ఉంటుంది.” రాలేదన్నారు అందరూ. మనిషి కొండ దాకా కూడా పోలేదా? లోయలో గానీ పడిందా? పెద్దమ్మ నా వైపు తిరిగింది.

“వాళ్ళమ్మకి ఏం చెప్పనురా?”

వంటింట్లోంచి పెదనాన్న గరిటె పట్టుకునే వచ్చాడు. “ఇద్దరికిద్దరూ తెలివైనవాళ్ళే! ఆ బండి ఎరుపే తల్లీ. ఎరుపు!”

సందులో ఆ మాట ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను. పెద్దమ్మ రెండు చెవులూ మూసుకుంది. ఏదీ నమ్మని నేను, ఊరందరికీ ఫోన్ చేసి లేని బండి గురించి అడిగాను.

“నేను చెప్తాలే, ఫోనిటు ఇయ్యి” అన్నాను.

“బండి నా పేరున ఉంది. అనాల్సింది నేనే.”

“అంటే అను మరి!”

“ఎలా అనను? ఆ పిల్ల ఇంకా దాని మీదే ఉందేమో! ఇప్పుడు నేను రంగు బయటపెడితే, ఆ మలుపుల్లో...” లేచి గోడ మీది అలమరలో అగరుబత్తి వెలిగించింది. చేతులు జోడించి గబగబా గొణిగింది. “తల్లీ, అబద్ధమాడింది నేను. సోమవారం పుట్టింది నేను. ఆ పిల్ల గురువారం, దానికేం తెలీదు. ఏదైనా ఉంటే నా మీదికి రా.”

ఫోను తీసింది. “సేంగూ... ఎర్ర బండి. ఎర్రదే. పండుమిరపకాయంత ఎర్రది. చూశావా?”

“ఎర్రదా? ఇందాకే మా ఆయన చెప్పాడు! మా కొట్టు దాటాక మొక్కజొన్న చేను మలుపులో కాలవ పక్కన ఒరిగి ఉందట. ఎవరో చెట్టుచాటుకి వెళ్ళుంటారులే అనుకున్నాడు.”

“స్టిక్కరు చూడలేదా మీ ఆయన?”

“స్టిక్కర్లు దేవతలు చదువుకుంటారు గానీ మా ఆయనెందుకు చదువుతాడక్కా! నువ్వేమో ఆకుపచ్చదంటివి. నిజంగానే ఆకుపచ్చదేమో అనుకున్నా.”

పెద్దమ్మని నా బండి వెనక ఎక్కించుకుని బయల్దేరాను. దారంతా నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే రెండ్రోజులు నొప్పి పెట్టింది.

పిల్ల మొక్కజొన్న చేలో కాపలా పాక కింద కూర్చుని ఉంది. చీలమండ వాచిపోయింది. ఫోను కాలవలో పడి చచ్చిపోయింది. కేకలేసినా వానలో ఎవరికీ వినపడలేదట. పాపం, తను తడిసి ముద్దయినా, మల్లెల దండ మాత్రం తడవకుండా హెల్మెట్‌లో పెట్టి ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. పెద్దమ్మ పిల్లని చూసి ముందు తిట్టింది, తర్వాత కావలించుకుంది. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా పిల్ల ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది.

బండికి ఒక అద్దం పగిలింది, అంతే. బటన్ నొక్కగానే స్టార్టయింది.

“పిల్లని నేను ఆసుపత్రికి తీసుకెళ్తా. నువ్వు సేంగ్ కొట్లో కూర్చో, మళ్ళీ వచ్చి తీసుకెళ్తా. బండి రేపు తెచ్చుకుందాం” అన్నాను.

“వానలో అది రాత్రంతా ఒక్కతే ఉండాలా?”

“మరి ఎవరు నడుపుతారు?”

పెద్దమ్మ దండ తీసుకుని హ్యాండిల్‌కి మళ్ళీ కట్టింది. సీటు మీద చెయ్యి వేసి వంగి, ఎవరికో చెవిలో చెప్తున్నట్టు అంది: “ఇందాక నీ గుట్టు బయటపెట్టాను. కోపముంటే ఇంటికి చేరాక తీర్చుకో. దారిలో వద్దు.” చీరలాంటి అంచున్న లుంగీ మోకాళ్ళ మీదికి లాక్కుని ఎక్కింది.

ఆమె ముందు, మేం వెనక. మొదటి మలుపులో రెండు కాళ్ళూ కిందికి వేలాడేసి, నడిచినంత మెల్లగా పోయింది. దారి పక్కన ప్రతి చిన్న గుడి దగ్గరా హారన్ కొట్టింది. గుడి లేని చోట కూడా కొట్టింది. కాస్త దూరం పోయాక కాళ్ళు పైకెత్తింది. ఇంకాస్త పోయాక వేగం పెంచింది. సేంగ్ కొట్టు దాటుతూ చెయ్యి కూడా ఊపింది. నా వెనక పిల్ల నొప్పి మరిచిపోయి నవ్వుతోంది. దిగువకి వచ్చేసరికి వాన వెలిసి, ముందు పోతున్న ఆ ఎరుపు తడి రోడ్డు మీద కూడా మెరుస్తోంది. ఎన్నో ఏళ్ళుగా అందరినీ పంపించి గిన్నెలు లెక్కబెట్టిన మనిషి ఇప్పుడు ఒంటరిగా, తన బండి మీద తను పోతోంది.

పిల్ల కాలికి కట్టు కట్టించి సందులోకి వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. పెద్దమ్మ అప్పటికే వచ్చి, బండి దిగకుండా గేటు ముందే కూర్చుని ఉంది. పెదనాన్న కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఎర్ర బండినీ, దాని మీద పెళ్ళాన్నీ పైనుంచి కింది దాకా చూశాడు.

“ఏ బండి మీద వచ్చావే?”

పెద్దమ్మ స్టాండు వేసి దిగింది. మొహం కదలనివ్వలేదు.

“కనబడట్లేదా? ఆకుపచ్చదాని మీద. పిల్లకి గిన్నెలో వేడివేడిగా ఏమన్నా పొయ్యి.”