పెత్రమాస పూత

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మా వాడ ఆడవాళ్ల పరువంతా ఇంటి గోడల మీదే ఉండేది. బొగ్గు ఊరు కదా, ఎంత తుడిచినా ఏదో ఒక మూల మసి పట్టనే పట్టేది. అందుకే పెత్రమాస, అదే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, దగ్గరపడితే చాలు, బతుకమ్మకు ఆడబిడ్డలు వచ్చేలోగా ఇంటింటా గోడలకు ఎర్రమన్ను మెత్తి, సున్నం వేసి, కింద ఎర్రటి జాజుతో పట్టీ దిద్దేవారు. వాడలో అందరికంటే తెల్లటి గోడ మా నాయనమ్మది. ఈ మాట నేనంటున్నది కాదు, ఆమే రోజుకోసారి అనేది.

ఒక ఏడాది వానాకాలం చివర్లో చలిజ్వరాల మందు కొట్టేవాళ్లు వచ్చారు. సామానంతా వాకిట్లో పెట్టించి, లోపలి గోడలన్నిటికీ పిచికారీ కొట్టారు. బొంతలు తుంపరకు తడుస్తుంటే నాయనమ్మ వాళ్లను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మర్నాడు మంచంలో నల్లులు చచ్చి రాలేసరికి అదే నోటితో దీవించింది. కానీ గోడల నిండా తెల్లటి చారలు, ముక్కు అదిరే వాసన. "కొన్ని నెల్లదాక గోడల్ని ముట్టకుండ్రి" అని వాళ్లలో ఒకాయన పోతూ పోతూ చెప్పాడు. నేను విన్నాను. నాయనమ్మా విన్నది. అయితే మాత్రం, పెత్రమాస ఆగుతుందా? ఆ చారలు చూసి ఆడబిడ్డలు ఏమనుకుంటారు? మా ఇంట్లోనే కాదు, వాడంతా మన్ను మెత్తి సున్నం వేసేసింది.

పండుగ వెళ్లాక మా తమ్ముడికి జ్వరం మొదలైంది. వాడప్పటికి ఇంకా బడికి పోయే ఈడు కాదు. దినం తప్పి దినం, పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి వణుకు పట్టుకునేది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పినా పళ్లు టకటకలాడేవి. తర్వాత ఒళ్లు పెనంలా కాలి, చెమటలు పోసి, వాడు సోలిపోయేవాడు. మర్నాడు లేచి ఆడుకుంటుంటే జ్వరం పోయిందనుకునేవాళ్లం. ఎదురింటి పిల్లవాడు అట్లాంటి జ్వరంతోనే పోయాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. మా అమ్మ మాత్రం తమ్ముడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఆ రోజుల్లోనే మా పక్క గదిలోకి ఒక అక్క కిరాయికి దిగింది. కరీంనగర్ పిల్ల. హైదరాబాద్‌లో ప్రజారోగ్యం చదువుతూ, ఆ చదువు కోసమే మా వైపు పట్నాలన్నీ తిరుగుతోంది. ఏ వాడలో నల్లా ఉంది, ఎక్కడ మోరీ పొంగుతోంది, మంత్రసాని ఎంత దూరం, జనం దవాఖానకు ఎందుకు పోరు, ఇవీ ఆమె అడిగే ప్రశ్నలు. మా ఊరయ్యాక పెద్దపల్లి పోవాలని చెప్పింది. పెళ్లికాని పిల్ల ఒంటరిగా వాడలెంట తిరగడం నాయనమ్మకు మింగుడు పడలేదు. "మోరీలు చూసేతందుకు గూడ సదువుండాల్నా?" అనేది. అక్క నవ్వి ఊరుకునేది.

తమ్ముణ్ణి చూసిన అక్క, వాడి వేలు సూదితో గుచ్చి ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద తీసి దవాఖానకు పంపాలంది. నెత్తురు తీసుకుపోయి అమ్ముకుంటారని మా వాడలో పుకారు. నాయనమ్మ వాణ్ణి కొంగు చాటుకు లాక్కుంది. "పోరనికి ఉన్నదే గింత నెత్తురు, అది గూడ మీకేనా?" అంది. దర్గా దగ్గర కట్టించిన తాయెత్తు చాలంది. మా బాపు బొగ్గుబాయి లోపల దేనికీ బెదరని మనిషి, తల్లి ముందు మాత్రం నోరు పెగిలేది కాదు.

అక్క బలవంతం చేయలేదు. మా గోడను అరచేత్తో నిమిరి, "ఎంత నున్నగున్నదవ్వా! నా గది బయటి గోడ పెచ్చులూడింది. ఎట్ల మెత్తాల్నో నాకు జర నేర్పరాదు?" అంది. పొగిడితే కరగని మనిషి కాదు మా నాయనమ్మ. మర్నాడు పొద్దున్నే కొంగు నడుముకు చెక్కి మన్ను తొక్కింది. నేను నీళ్లు తెచ్చి పోశాను. అక్క మోచేతుల దాకా ఎర్రమట్టి చేసుకుని, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గోడ మెత్తారు. మాటల్లో మాటగా మందు ఎప్పుడు కొట్టారో, దాని మీద పూత ఎప్పుడు వేశారో నాయనమ్మే చెప్పేసింది.

అక్క చేతులు ఆగిపోయాయి. రైలు స్టేషన్ అవతలి వాడను ఆమె అంతకుముందే చూసి వచ్చింది. అక్కడుండేది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. వాళ్లకు బతుకమ్మ లేదు, గోడల మీద మందు చారలు అట్లాగే ఉన్నాయి, చలిజ్వరం కూడా పెద్దగా లేదు. గోడ మీద వాలిన దోమ ఆ మందు తగిలి చస్తుందనీ, మన్ను మెత్తితే మందు లోపలే ఉండిపోతుందనీ మెల్లగా చెప్పింది.

నాయనమ్మ మట్టి చేతులతోనే నేల మీద కూలబడింది. "నా చేతులతోనే పోరని మీదికి తెచ్చుకుంటినా బిడ్డా?" అని ఏడ్చింది. మా నాయనమ్మకు ఏడవడం వచ్చునని నాకు అప్పటిదాకా తెలియదు. ఏం చేయాలో తోచక, "ముట్టద్దని వాళ్లు చెప్పిండ్రు అక్కా" అన్నాను.

అక్క నా వైపు చూడను కూడా చూడలేదు. నాయనమ్మ పక్కన చతికిలబడింది. "చెప్పిండ్రు గని, మీ పండుగెప్పుడని అడిగిండ్రా? తప్పు మాదవ్వా. పెత్రమాస ముంగట మందు గొడ్తే ఎవ్వలు ఊకుంటరు? మీ సున్నాలు అయినంక రావాలె. గిది మాకు సదువు చెప్పినోళ్లు చెప్పలే, నువ్వు చెప్పినవ్" అంది.

నాయనమ్మ లేచి చేతులు కడుక్కుని తన వేలు చాపింది. "ముందుగాల నాది గుచ్చు. నొస్తదో లేదో చూస్త." చూశాక, తమ్ముణ్ణి తనే ఒళ్లో పట్టుకుంది. వాడు ఏడవడానికి నోరు తెరిచేలోగా పని అయిపోయింది. అక్క ఇచ్చిన చేదు గోళీలను బెల్లంలో పెట్టి మింగించింది కూడా నాయనమ్మే. దవాఖాన నుంచి చలిజ్వరమేనని కబురొచ్చాక, మిగతా మందుల కోసం వాణ్ణి చంకనేసుకుని ఆమే నడిచింది.

ఆ తర్వాత జ్వరం రావాల్సిన మొదటి వంతుకు ఒళ్లు కాస్త వెచ్చబడి ఊరుకుంది. ఆ పై వంతు రోజు బొంతలన్నీ దగ్గర పెట్టుకుని అందరం వాడి చుట్టూ కూర్చున్నాం. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, వాలింది. వాడు మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, "ఆకలైతుంది" అన్నాడు. అమ్మ నవ్వుతూనే ఏడ్చింది. బాపు బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

అక్క పోయేముందు దవాఖానలో ఈ సంగతి చెప్పిపోయింది. మరుసటి ఏడు మందువాళ్లు సున్నాలయ్యాయా అని ఒక మనిషిని పంపి కనుక్కుని మరీ వచ్చారు. నాయనమ్మ ఇక ఆగుతుందా! "సర్కారోళ్లకు తెల్వకపోతే నేనే చెప్పి దారికి తెచ్చిన" అని వాడంతా చాటింది. పెద్దపల్లి నుంచి మమ్మల్ని చూడవచ్చిన అక్క ఎదుటే ఆ మాటంటే, "అవునవ్వా, నువ్వు చెప్పకుంటే మాకెట్ల తెలుస్తుండె" అంది. నాకు ఒళ్లు మండింది. అక్కను రైలెక్కించడానికి పోయినప్పుడు, నాయనమ్మ తప్పును నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగేశాను.

"మా తప్పు గూడ ఉండె గద. అయినా ఎవ్వలిదని పంచాయితి వెట్టుకుంట కూసుంటే, మీ తమ్ముని వేలు నా చేతికి అందునా?" అంది.

ఇప్పుడు నాకూ కోడళ్లున్నారు, మనవరాళ్లున్నారు, నాయనమ్మ నోరూ వచ్చింది. ఎవరి పొరపాటైనా కంటబడితే నాలుక దురద పెడుతుంది. అప్పుడు మా తమ్ముణ్ణి తలచుకుంటాను. మొన్ననే వాడి మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాడు. పళ్లూడిన నోటితో నవ్వుతూ పిల్లవాణ్ణి ఎత్తుకుని తిరుగుతున్నాడు. ఆనాడు అక్క ఒక్క మాట గట్టిగా అని ఉంటే తమ్ముడు మాకు దక్కేవాడా అనుకుంటాను, అనబోయిన మాట మింగేస్తాను.