సూడి జింక దగ్గర నేనాడిన అబద్ధం

మా చిన్నప్పుడు... ఓ మార్చి నెల శనివారం. అడవి అంచున ఆగిన పికప్ ట్రక్కులో నాన్న, పక్కన పదేళ్ళ నేను. నాన్న ఒళ్ళో గుడ్డలో చుట్టిన కత్తులు. బయట పట్టు వదలని సన్నవాన...

ఇంగ్లండులో మేముండే లీడ్స్ నుంచి రెండు గంటల ప్రయాణం చేసి వచ్చాం. అమ్మ హాస్పిటల్లో నర్సు. ఆ వారం రోటాలో శనివారం కూడా డ్యూటీ పడింది. నన్ను ఒంటరిగా వదల్లేక తెచ్చుకున్నానని నాన్న అందరికీ చెప్పాడు కానీ, అసలు సంగతి వేరు. ఆయనకి ఇంగ్లీషు రాదు. డాక్టరు దగ్గరైనా, బ్యాంకులోనైనా, ఫ్లాట్ ఓనరుతోనైనా ఆయన తరఫున మాట్లాడేది నేనే.

కరీంనగర్ దగ్గర మా తాతది మాంసం దుకాణం. నాన్న చిన్నప్పటి నుంచి కత్తి పట్టిన మనిషి. ఇక్కడికొచ్చాక గోడౌన్లో అట్టపెట్టెలు మోశాడు. "నాకొచ్చిన పని నాకు దొరుకుతలేదు" అని అమ్మ దగ్గర గొణుక్కునేవాడు. అలాంటిది, ఈ అడవి ఉన్న ఎస్టేటులో జింకల్ని కోసి శుభ్రం చేసే మనిషి కావాలని తెలిసింది. ఆ రోజు పని చూసి, నచ్చితే ఉద్యోగం ఇస్తారు. ముందురోజు నాన్న ఆ కత్తుల్ని ఎన్నిసార్లు నూరాడో!

ఎస్టేటు చూసుకునే పెద్దాయన డేవిడ్ అంకుల్. ఆ పికప్ ఆయనదే. జింకలు ఎక్కువైపోయి నాటిన మొక్కలన్నీ మేసేస్తున్నాయని ఏటా కొన్నింటిని కాల్చేవారు. ఆడవాటిని చలికాలం పోయేలోపు, మగవాటిని ఏప్రిల్ నుంచి... అదీ అక్కడి రూలు.

తుపాకీ మోత వినిపించింది. కాసేపటికి అంకుల్ చెట్ల మధ్య నుంచి చెయ్యి ఊపితే వెళ్ళాం.

ఆడ జింక. మేకంత ఉంది, అంతే. అంకుల్ దాని కంటిని కర్రతో తాకి, ప్రాణం పోయిందని చూసుకుని పక్కకి జరిగాడు. నాన్న చొక్కా చేతులు మడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు రక్తం తీశాడు. తర్వాత మెడ దగ్గర కోసి, తిండి గొట్టం బయటికి లాగి ముడేశాడు... కడుపులోని మేత మాంసానికి అంటకుండా. అంకుల్ మెచ్చుకోలుగా తలాడించాడు. అబ్బ, నాకెంత గర్వమో!

ఇక పొట్ట కోయాలి. నాన్న అలవాటు కొద్దీ ముందు అరచేత్తో పొట్ట నిమిరాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. కత్తి గడ్డి మీద పెట్టేశాడు.

"సూడిది బిడ్డా ఇది... కడుపుల పిల్లలున్నయి. సూడిదాని మీద మేం కత్తి పెట్టం. మా నాయిన నేర్పిన పద్ధతని చెప్పు. మొగయైతె ఎన్నయినా కోస్తనని చెప్పు. జర మంచిగ చెప్పు."

ఎంత చిన్న మాట... ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది. కానీ మా ఇంటి పద్ధతులు చెప్పీ చెప్పీ, బళ్ళో పిల్లలు నవ్వుతుంటే పడీ పడీ, నాకు విసుగెత్తిపోయింది. ఈయన కూడా నవ్వుతాడనుకున్నాను. నా నోరు పడిపోను... "మా నాన్నకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతున్నాయట" అనేశాను.

రక్తం చూస్తే! కటికవాడి కొడుక్కి!

అంకుల్ నవ్వలేదు. పాలిపోయిన నాన్న ముఖం చూసి నమ్మేశాడు. నాన్న భుజం తట్టి, "ఫర్వాలేదు, ఇది అందరి వల్లా అయ్యే పని కాదు" అన్నాడు. తనే కత్తి తీసుకుని, రెండు వేళ్ళ మధ్య మొన పెట్టి పొట్ట చీల్చాడు. లోపల రెండు పిల్లలు. వెంట్రుకలు కూడా రాలేదు. నాన్న ముఖం తిప్పేసుకున్నాడు. నేను మాత్రం చూశాను.

"వీటి కోసమే నాకు ఈ నెలంటే ఇష్టముండదు" అన్నాడు అంకుల్, నాతోనే. "ఏప్రిల్ వస్తే మగవే కదా... మనసు కాస్త తేలికపడుతుంది."

నాన్న చెప్పమన్నదీ అదే కదా! అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు.

"ఏమన్నడు బిడ్డా?" అని అడిగాడు నాన్న.

"సరే అన్నారు."

తర్వాత నాలుగు రోజులు నాన్న బాత్రూమ్‌కి కూడా ఫోన్ పట్టుకెళ్ళాడు. గురువారం ఫోనొచ్చింది. మాట్లాడింది నేనే. రక్తం పడనివాళ్ళకి ఈ పని కష్టమని, ఏమీ అనుకోవద్దని చాలా మర్యాదగా చెప్పాడు అంకుల్.

"వేరేవాళ్ళని తీసుకున్నారట నాన్నా..."

నాన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత, "సూడిదాన్ని కొయ్యనన్నందుకేనా?" అన్నాడు.

నేను తలూపాను... అవునని.

"పోనీ తియ్. గట్లయితె మనకద్దు ఆ పని" అన్నాడు. మళ్ళీ గోడౌన్‌కే వెళ్ళాడు. ఆ పెట్టెలు మోసీ మోసీ నడుం పోయింది. కత్తి పట్టే పని మళ్ళీ దొరకలేదు.

ఇప్పటికీ లీడ్స్‌లో మనవాళ్ళు ఎక్కడ కలిసినా నాన్న ఈ కథ చెబుతాడు. "నౌకరి పోతె పోయింది గానీ సూడిదాని మీద కత్తి పెట్టలే" అంటాడు, ఛాతీ విరుచుకుని. "గొప్ప మనిషివి అన్నా" అంటారు అందరూ. నేను ప్లేటులో అన్నం కెలుకుతూ కూర్చుంటాను. నిజం చెబితే ఆయనకి మిగిలిన ఆ ఒక్క గొప్పా పోతుంది. చెప్పకపోతే నాకు ముద్ద దిగదు...

ఇప్పుడు నాన్నకి ఇంగ్లీషు వచ్చేసింది. డాక్టరు దగ్గర, కౌన్సిల్ ఆఫీసులో తనే మాట్లాడుకుంటాడు. "నువ్వెందుకు బిడ్డా, కార్లనే కూసో" అంటాడు. కూర్చుంటాను.

మీలోనూ చిన్నప్పుడు అమ్మానాన్నల తరఫున మాట్లాడినవాళ్ళు ఉండే ఉంటారు. కింద రాయండి... మీరైనా వాళ్ళు చెప్పమన్నదే చెప్పారా?