కోసిన టాపు కాదు, కంపెనీ టాపు

2001 మే నెల. కాశీబుగ్గలో హైవే పక్కన నా టింకరింగ్ షెడ్డు పెట్టి అప్పటికి పదహారేళ్లు. టింకరింగ్ అంటే బండి రేకు పని. సొట్టలు తీయడం, తుప్పు తిన్నచోట కోసి కొత్త రేకు అతకడం, వెల్డింగ్, ఆపైన లప్పం. ఇంజన్ పని చేసేవాణ్ని మెకానిక్ గారూ అని పిలుస్తారు. మమ్మల్ని మాత్రం సుత్తిగాళ్లంటారు. అననివ్వండి. బండి ఎక్కడ దెబ్బ తిన్నదో, ఎవడు ఎక్కడ అతుకు వేశాడో ఇంజన్ చూసి ఎవడూ చెప్పలేడు. రేకు చూసి మేం చెబుతాం.

ఆ రోజు పదిగంటలకి ధర్మారావు గారి జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని. ధర్మారావు గారిది కంచిలి దగ్గర కొబ్బరి తోటలున్న కుటుంబం. తండ్రి పోయి రెండేళ్లయింది. ఆ పెద్దాయన ప్రాణంగా చూసుకున్న పాత ఇంగ్లండు కారు ఒకటి ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్లో ఉండేది. పంతొమ్మిది వందల యాభైల నాటి బండి. నున్నటి నల్ల వీపుతో, గుండ్రటి దీపాలతో అప్పటికీ పెళ్లికొడుకులా ఉండేది. దాన్ని కొంటానని విశాఖపట్నం నుంచి ఒకాయన ముందుకొచ్చాడు. ఆయనకి కారుకంటే కారు టాపు మీదే ఎక్కువ ఆశ. ఎందుకంటే ఆ టాపు మధ్యలో ఒక పలక వెనక్కి జరుగుతుంది. స్లైడింగ్ రూఫ్ అంటారు. జరిపితే ఆకాశం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కారు తయారయ్యేటప్పుడే, కొనేవాడు అడిగితే కంపెనీ అదనంగా పెట్టి ఇచ్చేదాన్ని ఫ్యాక్టరీ ఆప్షన్ అంటారు. మా షెడ్లలో దాన్ని కంపెనీ ఫిట్టింగ్ అంటాం. తర్వాత ఎవడో టాపు కోసి పెట్టింది లోకల్ ఫిట్టింగ్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండొచ్చు. కానీ మొదటిదుంటే పాత కార్ల పిచ్చివాళ్లు కళ్లకద్దుకుంటారు, రెండోదుంటే మొహం తిప్పుకుంటారు.

నేను వెళ్లేసరికి కారు చుట్టూ పది పదిహేనుమంది ఉన్నారు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు పని ఆపేసి మరీ వచ్చి నిలబడ్డారు. కొనబోయే ఆయన పంపిన ఎక్స్‌పర్ట్ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని, చేతిలో లావుపాటి పుస్తకంతో ఉన్నాడు. కంపెనీ ఏమేం పెట్టి పంపిందో చెప్పే, బానెట్ కింది నంబరు ప్లేటు మా ఉప్పుగాలికి తుప్పు పట్టి ఒక్క అక్షరమూ మిగల్లేదు. దాంతో ఆయన అప్పటికే తేల్చేశాడు.

"ఈ మోడల్లో ఈ రూఫ్ చాలా తక్కువ కార్లకి వచ్చింది. అలాంటిది ఇక్కడికెలా వస్తుంది? ఎవరో లోకల్‌గా కోయించారు. సీట్లు చూడండి, నీళ్లు కారి కుళ్లిపోయాయి. ఫ్యాక్టరీ రూఫ్ కారదు."

ఆయన మాటలకి నాకు కాలలేదు. ధర్మారావు గారు తిరిగి ఎవరివైపు చూశారో చూశాక కాలింది. ఆ కారు డ్రైవర్ తవిటయ్య వైపు. 1974లో పెద్దాయన కారు కొనాలనుకున్నప్పుడు మద్రాసు పంపింది తవిటయ్యనే. నచ్చింది ఎంచుకుని తీసుకురా, నువ్వు చూస్తే నేను చూసినట్టే అన్నారట. ఈ టాపు కంపెనీదే బాబూ అని ఈయన చెబితే, ఆ మాట మీదే పెద్దాయన ఎక్కువిచ్చి కొన్నారు. బతికున్నన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ టాపు జరిపి చూపించి మురిసిపోయారు.

"అంటే మా నాన్నని పాతికేళ్లు వెర్రివాణ్ని సేసినావన్నమాట," అన్నారు ధర్మారావు గారు, అందరూ వినేలా. "కోసిన టాపు అంటగట్టి, మద్రాసోడి దగ్గర కమీషన్ తిన్నావు. సిన్నప్పుడు వానొత్తే నా ఒళ్లో నీళ్లు కారీవి. నాకు తెల్దేటి? సాయంత్రానికి గది కాళీ సెయ్యి."

తవిటయ్యకి డెబ్బై దాటాయి. పెళ్లాం లేదు, ఆ షెడ్డు పక్క గదే ఇల్లు. ఆయన ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. "నేదు బాబూ. కంపెనీదే," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. అంతే. ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఇన్నేళ్లూ తవిటయ్య తాతా అని పిలిచినవాళ్లే, ఆయన్ని కొత్తగా చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సార్, మీరు చేత్తో తడిమి చూశారా, పుస్తకం చూసి చెబుతున్నారా?" అన్నాను.

ఎక్స్‌పర్ట్ నా లుంగీని, చెప్పుల్లేని కాళ్లనీ చూశాడు. "నువ్వెవరు?"

"ఈ కారు రేకు పని చేసేవాణ్ని. అప్పన్న అంటారు."

"అయితే మేస్త్రీ, నీకు తెలిసే ఉండాలి. ఫ్యాక్టరీ రూఫ్ అయితే ఆ పలక చుట్టూ గట్టర్ ఉంటుంది, నీళ్లు పట్టే కాలువ. దాని నాలుగు మూలల నుంచీ డ్రెయిన్ గొట్టాలు కిందికి వెళ్తాయి. పైన పడ్డ వాన ఆ గొట్టాల్లోంచి చక్రాల వెనక్కి కారిపోతుంది. కోసిన టాపుకి ఈ గొట్టాలుండవు. పైన నీళ్లు పోద్దాం. కింద వస్తే ఫ్యాక్టరీ."

న్యాయమైన మాటే. నేను సరే అన్నాను. నీళ్లు వస్తాయని నాకు అణుమాత్రం అనుమానం లేదు.

బకెట్టు తెచ్చి, పలక జరిపి, చెంబుతో గట్టర్లో పోశాను. "ఓలమ్మ, కారుకి తలంటు పోత్తన్నారే!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. రెండో చెంబు, మూడో చెంబు. కింద నేల పొడిగా ఉంది. నాలుగో చెంబుకి గట్టర్ నిండి, పొర్లి, బడబడా సీటు మీద కారింది. ఎక్స్‌పర్ట్ పుస్తకం మూసేశాడు. తవిటయ్య మాత్రం నా వైపు చూశాడు, నువ్వు కూడానా అన్నట్టు.

ఆ చూపు నేను భరించలేకపోయాను. "ఆగండి," అని గట్టిగా అరిచాను. సీటు మీద నీళ్లు తుడిచి, గట్టర్లో ఇంకా మిగిలిన నీళ్లన్నీ గుడ్డతో పీల్చేసి, ముందు అద్దం పక్కన టాపుని మోసే పిల్లర్‌కి చెవి ఆనించాను. తవిటయ్యని ఆ మూలలో సన్నగా నీళ్లు పొయ్యమన్నాను. లోపల కొద్దిగా బుడబుడమని వినిపించి, మరుక్షణం ఆగిపోయింది. మూతిదాకా నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే వచ్చే శబ్దం లాంటిది. పిల్లర్ లోపల గొట్టం ఉంది. అది నిండి ఉంది. నీళ్లు దిగుతున్నాయి, బయటికి రావడం లేదు.

ఎక్కడ ఆగాయో అనుకుంటూ కారు కిందికి దూరాను. వెల్లకిలా పడుకుని పైకి చూశాను. అడుగంతా నల్లగా, నున్నగా, పెంకులా ఉంది.

ఆ నల్లటి పూత నేను వేసిందే.

మా పలాస వైపు జీడిపిక్కల తొక్కల నుంచి నల్లటి చిక్కటి నూనె తీస్తారు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కానీ కర్రకి, ఇనుముకి దాన్ని మించిన రక్ష లేదు. భావనపాడులో పడవలకి అదే పూస్తారు. ఉప్పుగాలికి కార్ల అడుగు నిలవదని మా గురువు గారు కార్లకీ అదే పూయించేవారు. పని నేర్చుకున్న రోజుల నుంచీ ప్రతి ఏడూ వానలకి ముందు ఈ కారు అడుగున కుంచె పట్టి పూసింది నేనే. అడ్డొచ్చిన ప్రతి రంధ్రమూ, ప్రతి సందూ మూసుకుపోయేలా పూశాను. తుప్పు లోపలికి పోకుండా అని ఎంత గర్వంగా పూశానో! ఆ రంధ్రాల్లో నాలుగు ఈ గొట్టాల మూతులని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

తవిటయ్యని పెద్దాయన ఎన్ని వానాకాలాలు తిట్టారో నాకు తెలుసు. టాపు సరిగ్గా మూయడం రాదా, సీట్లన్నీ నాశనం చేశావు అని. ఆ తిట్లన్నిటికీ కారణం నా కుంచె.

కింద పడుకున్న చోటే ఒక ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు. గొట్టాలు దొరికాయని చెప్పి, మూసుకుపోవడం దుమ్ము వల్ల అంటే ఎవడు తెలుసుకుంటాడు? నిజం చెప్తే రేపటి నుంచి కాశీబుగ్గలో ఏ బండీ నా షెడ్డుకి రాకపోవచ్చు. కానీ నేను నా తప్పు మింగేసి తవిటయ్యని గెలిపిస్తే, సీట్లు పాడు చేసింది ఆయనే అన్న మాట అలాగే ఉండిపోతుంది. సగం నింద తీసి సగం ఉంచడం నా వల్ల కాదు.

ముందు చక్రం వెనక స్క్రూడ్రైవర్‌తో గీకాను. పై పొర పెంకులా రాలింది. లోపలి పొర ఇంకా ఆరలేదు, జిగురులా అరచేతికి అంటుకుంది. గీకుతుంటే మెత్తగా ఒక చోట తగిలింది. తీగ దూర్చాను. అంతే, ఎన్నేళ్ల నుంచి నిలిచిందో, నల్లటి కంపు నీళ్లు ధారగా నా మొహం మీద పడ్డాయి. నోట్లోకి కూడా పోయాయి.

"మావా, పొయ్యి!" అని అరిచాను. తవిటయ్య పైన పోశాడు. కింద తెల్లటి నీళ్లు, సన్నటి ధార, ఆగకుండా వచ్చాయి. రెండో మూల గీకాను, వచ్చాయి. వెనక రెండూ కూడా. షెడ్డు నేలంతా తడిసింది.

బయటికి వచ్చి, మొహం తుడుచుకోకుండానే చెప్పాను. "ఈ గొట్టాలు మూసింది నేను. జీడినూనె పూసి మూసేశాను. సీట్లు కుళ్లింది నా పనితనం వల్ల. తవిటయ్య మావకి సంబంధం లేదు."

ఎక్స్‌పర్ట్ ఇంకా ఒప్పుకోలేదు. "గొట్టాలు తర్వాత కూడా పెట్టొచ్చు కదా."

"పెట్టొచ్చు సార్. ఎలా పెడతారో మీరే చెప్పండి. ఈ పిల్లర్ రెండు రేకులు కలిపి కంపెనీలో స్పాట్ వెల్డింగ్ చేసింది. బొట్టు బొట్టుగా, సమానమైన దూరంలో ఆ గుర్తులు చూడండి, ఒక్కటీ చెక్కుచెదరలేదు. మూసేసిన పిల్లర్ లోపలికి, కోయకుండా, పైనుంచి కిందిదాకా ఇనప గొట్టం దూర్చిన మేస్త్రి మద్రాసులో ఉన్నా సరే, పేరు చెప్పండి. వెళ్లి వాడి కాళ్లు కడిగి వస్తాను. చెప్పలేకపోతే కింద పడుకుని చూడండి."

ఆయన ఒక్క నిమిషం తన తెల్ల చొక్కా చూసుకున్నాడు. తర్వాత, నిజం చెప్పాలి, పుస్తకం బానెట్ మీద పెట్టి ఆ తడి నేల మీదే పడుకుని లోపలికి దూరాడు. టార్చి వేసి నాలుగు మూలలూ చూశాడు. లేచి వచ్చేసరికి చొక్కా నల్లబడింది. "ఫ్యాక్టరీ ఆప్షనే. నేను తొందరపడ్డాను," అన్నాడు. ఆయన మీద నా కోపం అక్కడితో తీరిపోయింది.

ధర్మారావు గారు తవిటయ్య దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "సరే తవిటయ్యా, ఏటీ అనుకోకు," అన్నారు.

"అనుకుంతాను బాబూ," అన్నాడు తవిటయ్య.

ధర్మారావు గారు తెల్లబోయారు.

"తప్పకండా అనుకుంతాను. దొంగ అన్నప్పుడు గొంతెత్తి అన్నారు. ఇప్పుడు సెవిలో సెప్తన్నారు. ఆలంతా ఇక్కడే ఉన్నారు కదా, ఆలకీ వినపడాల."

ధర్మారావు గారి మొహం ఎర్రబడింది, తర్వాత ఎందుకో తల దిగింది. ఆడవాళ్ల వైపు తిరిగి, "తవిటయ్య మా నాన్నని మోసం సెయ్యలేదు. నేనే తప్పు మాట అన్నాను," అన్నారు, ఈసారి గట్టిగానే.

"గది కాళీ సెయ్యను. మీ అయ్య ఇచ్చిన గది," అన్నాడు తవిటయ్య. జేబులోంచి కారు తాళం తీసి బానెట్ మీద పెట్టాడు. "విశాపట్నం దాకా ఈ కారు నాను తోలను. ఆ పుస్తకం బాబునే తోలమనండి." కొన్నాయన చివరికి లారీ పంపించుకుని తీసుకెళ్లాడు.

మర్నాటికి నా అరచేతుల నిండా బొబ్బలు. తవిటయ్య నా షెడ్డుకి వచ్చి, కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాడు. అడగకుండా ఉండలేక అడిగాను. "మావా, మరి నా మీద?"

"నీ మీదా అనుకుంతాను. నీ కుంచె మూలాన ఎన్ని తిట్లు తిన్నానో నీకు తెల్దేటి?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన నా చెయ్యి తిప్పి రెండో వైపు రాశాడు. "కానీ నువ్వు పదిమందిలో సెప్పినావు. అందుకే నీ సేతికి నూనె రాత్తన్నాను. నేపోతే వత్తునా?"

ఆ ఏడాది నుంచి పూత వేసే ముందు బండి అడుగున ప్రతి రంధ్రంలోనూ కొబ్బరిపీచు దూర్చి, పూత ఆరాక లాగేస్తున్నాను. అది చేతిపనిలో నేర్చుకున్నది. ఇంకొకటుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్లు, ఎక్స్‌పర్టులు ఎవరొచ్చి ఇది డూప్లికేట్, ఇది ఫలానావాడు మార్చేశాడు అన్నా, నా షెడ్లో నడవదు. పేరు పెట్టి ఒక మనిషిని అనాలంటే ముందు కింద పడుకుని చూడాలి. చూసి, తప్పని తేలితే, అన్నంత గట్టిగానే వెనక్కి తీసుకోవాలి. ఎంత పెద్దవాడైనా సరే, నేనైనా సరే.