ముంజేతిలో మోత

కంచిలిలో బస్సెక్కిన పెద్దాయన నా పక్కన కూర్చుని ఎడమ ముంజెయ్యి నా వైపు చాపాడు.

"సెయ్యెట్టి సూడు బాబూ, మోగతందా?"

ముట్టుకున్నాను. చర్మం కింద తుమ్మెద చిక్కుకున్నట్టు జుమ్మంటోంది. మనిషి చెయ్యి మోగుతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"కిడ్నీలు పోనాయి. డయాలసిస్ సూదికని రెండు నరాలు కలిపి కుట్టినారు. ఈ మోత ఆగితే సూదికి దారుండదు. నా వేళ్లు మొద్దుబారిపోనాయి, నాకు తెలీదు."

"ఇంట్లో ఎవరూ చూడరా?"

"మా ఇంటిది రోజూ పొద్దున్నే సెవి ఆనించి ఇనీది. దానికీ ఇదే జబ్బు. పోయి నెలయింది. ఇప్పుడు బస్సులో పక్కనోళ్లని అడుగుతన్నాను."

"మోగుతోంది తాతా," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పలాస వచ్చేదాకా నేనూ తియ్యలేదు.