టైరుకు బొట్టు పెట్టిన బావతో నాంపల్లి దాకా

ఉదయం తొమ్మిదిన్నరకు హిమాయత్‌నగర్‌లో బస్సెక్కాం: నేను, మా బావ, ఒక టైరు. జీపు వెనక తగిలించుకోవడానికి బావ కొన్నేళ్ళ కింద సొంతంగా ఒక క్యాంపర్ బండి చేయించాడు. రెండు చక్రాల మీద ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, బోలెడంత గర్వం. మర్నాడు తెల్లారి ఐదింటికి అక్కతో, ఏడో తరగతి చదివే మేనకోడలు చిన్నితో శ్రీశైలం ప్రయాణం. దారంతా ఆ మంచం మీదే పడుకొని వస్తానని చిన్ని పట్టుబట్టింది. నడిచే బండిలో అలా వద్దని నేనన్నాను. బావ సరేనన్నాడు, నాతో కాదు, చిన్నితో. ఒక టైరులో గాలి దిగుతోంది గనుక పంక్చర్ వేయించడానికి ఈ యాత్ర.

కండక్టరమ్మ టైరును ఎగాదిగా చూసింది. "దీనికి గూడ టికెట్ దీస్కోవాలె."

"ఇది ఆడ టైరు మేడం, ఆడోళ్ళకు బస్సు ఫ్రీ గదా?" అన్నాను.

"ఆధార్ తియ్యి," అంది నవ్వకుండా. లగేజీ టికెట్ తీసుకున్నాం.

పది గంటలకు ఆబిడ్స్. మొదటి దుకాణం వాళ్ళు చక్రాన్ని చూసి, ట్రైలర్ పనైతే నాంపల్లి స్టేషన్ దారిలో యాదగిరన్న దగ్గరికి పొమ్మన్నారు. నడిచాం. అంటే బావ నడిచాడు, నేను దొర్లించాను. మధ్యలో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

పదకొండుకు యాదగిరన్న టైరును నీళ్ళలో ముంచనే లేదు. పక్క భాగం మీద ప్రతి దసరాకూ బావ అద్దిన పసుపు కుంకుమ అట్టకట్టి ఉంది. తడిగుడ్డతో తుడిచాడు. నాలుగంకెలు తేలాయి.

"మొదటి రెండు వారం, తర్వాతి రెండు సాలు, ఏడాదన్నట్టు. ఇది తయారై పద్నాలుగేండ్లాయె," అన్నాడు.

చిన్నికంటే పెద్దది.

"గట్లెట్లయితది? గీతలు గూడ అరగలే. ఊకె నిలబెట్టిన బండి గదన్నా!" అన్నాడు బావ.

"నిలబెడితెనే ఖరాబైతది సార్. ఎండల ఒక్క తాననే బరువు మోస్కుంట... నూనె గిట్ల రాసిన్రా?"

"కొబ్బరి నూనె. మెరుస్తదని."

"టైరుకు బొట్టు వెట్టిన్రు, పుట్టిన సాలు జూడలే."

గాలి కొట్టాడు. సగమైనా నిండకముందే పక్కన కోడిగుడ్డంత ఉబ్బింది. యాదగిరన్న మమ్మల్ని వెనక్కి నెట్టి గాలి వదిలేశాడు. రబ్బరు వంచితే వేలెడు చీలిక, లోపల దారాలు.

"ఘాట్ల పేలితే బండి పల్టీయే. అండ్ల ఎవలన్న కూసుంటరా?"

బావ స్టూలు మీద కూలబడ్డాడు. నాకొక జోకు తట్టింది, మింగేశాను.

ఈ దారిన వచ్చేవారికి అక్కడ విన్నది: కారు పాత టైర్లు కాదు, ట్రైలర్ బరువుకు తగినవి వేయాలి, రెండూ ఒకేసారి. ఐదారేళ్ళకు మార్చాలి. గాలి బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నిలిపిన బండికి ఎండ తగలనివ్వకూడదు. మా సైజు మూడు రోజులకు వస్తుందట. రెండూ తెప్పించమని చెప్పి, పాతది అక్కడే వదిలాం.

పన్నెండున్నరకు తిరుగు బస్సు. శ్రీశైలం అనుకొని నాంపల్లి దాకా వెళ్ళొచ్చాం. నేను చూసిన లోయల్లో ఆ వేలెడు చీలికంత భయపెట్టింది ఇంకోటి లేదు.

బావ అక్కకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు. అక్క గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"పులిహోరకు చింతపండు నానవెట్టిన. గిప్పుడు జెప్తవా?"

"చెయ్యి. ఇంట్లనే తిందాం," అన్నాడు బావ. "చిన్నికి జర ఫోనియ్యి, మంచం సంగతి నేనే చెప్త."